శ్రుతి తప్పింది పిల్లవాడు కాదు... తీగ!

నాలుగు తీగల 'ఉకులేలే' కొత్తగా పట్టేవారికి కొన్ని మెళకువలు

సీతమ్మధార: కొన్న రోజున ఇంటిల్లిపాదికీ సందడి. వారం తిరిగేసరికి 'ఆ మోత ఆపు' అనే కేకలు. నెల తిరిగేసరికి వాయిద్యం బీరువా మీదికి చేరుతుంది. ముచ్చటపడి ఉకులేలే కొనే ఇళ్లలో తరచూ జరిగే తంతు ఇదే. 'మావాడికి సంగీతం అబ్బలేదండీ' అని పెద్దవాళ్లు తేల్చేస్తారు. పిల్లవాడూ అదే నిజమనుకుంటాడు. ఆ తరువాత ఏ వాయిద్యం చేతికిచ్చినా 'నాకు రాదు' అని వెనక్కి నెడతాడు.

అసలు సంగతి వేరు. చాలాసార్లు లోపం పిల్లవాడి చెవిలో ఉండదు, వేళ్లలోనూ ఉండదు. తీగ శ్రుతిలో ఉండదు. శ్రుతి కుదరని వాయిద్యాన్ని పట్టుకుంటే ఎంతటి విద్వాంసుడైనా చేయగలిగేది లేదు. పది నిమిషాలు ఓపిక పట్టి తీగలు సరిచేసుకోవడం నేర్పితే బీరువా ఎక్కిన వాయిద్యం మళ్లీ ఒళ్లోకి దిగుతుంది.

సీతమ్మధార లాంటి పేటలో ఈ బుల్లి వాయిద్యానికి ఒక సౌలభ్యం ఉంది. గురుద్వారా కూడలి నుంచి రైతుబజారు వరకు, బాలయ్యశాస్త్రి లేఅవుట్ నుంచి హెచ్‌బీ కాలనీ వరకు ఇప్పుడు కనిపించేవన్నీ ఎక్కువగా అపార్టుమెంట్లే. రెండు గదుల ఇంట్లో వీణకు చోటు చూడటమే కష్టం. హార్మోనియం తీస్తే పక్కింటివారు తలుపు తడతారేమోనని బెరుకు. ఉకులేలే అయితే బడి సంచీ పక్కన పట్టేస్తుంది. దాని గొంతు కూడా చిన్నదే. గది తలుపు వేసుకుంటే గోడ దాటదు.

ఏమిటీ వాయిద్యం?

చూపుకు గిటారు పిల్లలా ఉంటుంది. గిటారుకు ఆరు తీగలుంటే దీనికి నాలుగే. గిటారు తీగలు ఎక్కువగా ఉక్కువి. దీనివి నైలాన్ రకం. అందుకే కొత్తవారి వేళ్లు అంతగా మండవు. ఎనిమిదేళ్ల పిల్లల చేతికి కూడా అందుతుంది.

దీనిలో ముఖ్యంగా నాలుగు సైజులున్నాయి. అన్నిటికన్నా చిన్నది సొప్రానో, సుమారు 21 అంగుళాలు. తరువాతది కన్సర్ట్, 23 అంగుళాలు. టెనార్ 26 అంగుళాలు. పెద్దది బారిటోన్, 30 అంగుళాలు. మొదటి మూడింటికీ శ్రుతి ఒక్కటే. బారిటోన్ శ్రుతి మాత్రం వేరు, గిటారు కింది నాలుగు తీగల మాదిరిగా ఉంటుంది. ఈ తేడా తెలియక బారిటోన్ కొని, సొప్రానో పాఠాలు చూస్తూ తికమకపడేవారుంటారు. పిల్లలకు సొప్రానో, వేళ్లు లావుగా ఉండే పెద్దలకు కన్సర్ట్ అనువైనవి.

వీణ తెలిసినవారికి దీని భాగాలు కొత్త కాదు. తీగ బిగించేవి బిరడాలు. వేలు నొక్కేవి మెట్లు. పొట్ట మీద తీగలను మోసేది గుర్రం. పేర్లు ఇంగ్లీషులో ఏవైనా పని మాత్రం అదే.

చెరకు తోటలకు వచ్చిన కూలీల చేతిలో...

ఉకులేలే అనగానే హవాయి దీవులు గుర్తుకొస్తాయి. కానీ దాని పుట్టిల్లు హవాయి కాదు. 1879 ఆగస్టులో 'రావెన్స్‌క్రాగ్' అనే ఓడ హొనొలులు రేవుకు చేరింది. పోర్చుగల్‌కు చెందిన మదీరా దీవి నుంచి చెరకు తోటల్లో పనికోసం వచ్చిన నాలుగు వందల మందికి పైగా జనం అందులో ఉన్నారు. వారి వెంట తమ ఊరి చిన్న గిటారు వచ్చింది. వచ్చినవారిలో మాన్యుయెల్ నూనెస్, అగస్టో డయాస్, జోసె దొ ఎస్పిరితో సాంతో అనే ముగ్గురు వడ్రంగులున్నారు. తోటల్లో ఒప్పందం తీరాక వీరు హొనొలులులో కొయ్యసామాను, వాయిద్యాలు చేసే దుకాణాలు పెట్టారు. అక్కడి 'కోవా' కొయ్యతో చేసిన ఆ వాయిద్యమే ఉకులేలే అయింది. అప్పటి హవాయి రాజు కలాకవా దానిని మెచ్చి రాజసభలో వాయింపజేయడంతో ఊరూరా పాకింది.

ఆ పేరుకు అక్కడి భాషలో 'ఎగిరే నల్లి' లాంటి అర్థం చెబుతారు. వాయించేవారి వేళ్లు తీగల మీద నల్లిలా గెంతుతుంటాయని అలా అన్నారట. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పెద్ద ప్రదర్శనలో హవాయి కళాకారులు వాయించడంతో అమెరికా అంతటా మోజు మొదలైంది.

ఈ కథ విశాఖ జిల్లావారికి పరాయిది కాదు. అదే శతాబ్దంలో విశాఖ, గంజాం, గోదావరి ప్రాంతాల నుంచి వేలాదిమంది చెరకు తోటల కూలికే మారిషస్‌కు, దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు, ఆ తరువాత ఫిజీకి ఓడలెక్కారు. వారు మూటలో కట్టుకెళ్లింది రెండు బట్టలే అయినా గొంతులో పాట, భజన వెంట వెళ్లాయి. కూలివాడి సంగీతం కూలివాడితోనే సముద్రం దాటుతుందనడానికి ఉకులేలే ఒక సాక్ష్యం. దర్బారులో పుట్టి జనంలోకి వచ్చింది కాదు, జనంలో పుట్టి దర్బారుకు వెళ్లింది.

మన సరిగమల్లో శ్రుతి

వాయిద్యాన్ని ఒళ్లో పెట్టుకుంటే మన ముక్కుకు దగ్గరగా, పైన ఉండే తీగ నాలుగోది. నేల వైపు అడుగున ఉండేది ఒకటోది. పైనుంచి కిందికి వాటి స్వరాలను ఇంగ్లీషులో జీ, సీ, ఈ, ఏ అంటారు. ఈ అక్షరాలు చూసి బెదరనక్కరలేదు. మన గాయకులు 'ఒకటి శ్రుతి' అనేదే సీ. ఆ సీని షడ్జమంగా పెట్టుకుంటే నాలుగు తీగలూ ఇలా పలుకుతాయి:

నాలుగో తీగ - పంచమం
మూడో తీగ - షడ్జమం
రెండో తీగ - అంతర గాంధారం
ఒకటో తీగ - చతుశ్రుతి దైవతం

అంటే 'ప స గ ద'. సంగీతం పాఠం నాలుగు నెలలు చెప్పించుకున్న పిల్లలు ఎవరైనా దీన్ని నోటితో అనగలరు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. వీణకైనా, వయొలిన్‌కైనా తీగలు వరుసగా మందరం నుంచి తారానికి పోతాయి. ఉకులేలేలో అలా కాదు. పైనున్న పంచమం తీగ, దాని కిందనున్న షడ్జమం కన్నా తక్కువ స్థాయిది కాదు, ఎక్కువ స్థాయిది. అన్నిటికన్నా మందరమైనది మూడో తీగే. ఈ సంగతి తెలియని కొత్తవారు రెండు రకాలుగా పొరపడతారు. పై తీగ మందరంగా ఉండాలనుకుని వదులు చేసి, అది జీబురుమంటుంటే ఏం చేయాలో తోచక కూర్చుంటారు. లేదా ఎంత బిగించాలో తెలియక బిగించుకుంటూ పోయి పుటుక్కున తెంపేస్తారు. దుకాణంలో 'గిటారు లాంటిదే' అని చెప్పి చేతిలో పెట్టడం వల్ల వచ్చే తంటా ఇది.

ఫోనుతో శ్రుతి చేస్తే

ఇప్పుడు సెల్‌ఫోనులో శ్రుతి చూపించే ఉచిత యాప్‌లు ఉన్నాయి. తీగ మీటితే ముల్లు ఎడమకో కుడికో కదులుతుంది. ఎడమకు ఉంటే తీగ వదులు, కుడికి ఉంటే బిగువు. నడిమికి వస్తే సరిపోయినట్లు. వాయిద్యం తల భాగానికి తగిలించే చిన్న క్లిప్పులు కూడా దొరుకుతాయి. అవి గాలిలో చప్పుడు వినవు, కొయ్య అదురును పట్టుకుంటాయి. బస్సుల మోత వినిపించే ఇళ్లకు ఇవే నయం. ఫోనుతో చేసేవారు ఫ్యాను కట్టేసి, టీవీ ఆపి చేయాలి.

అయితే ఫోను చేతిలో ఉంది కదా అని కళ్లు మూసుకుని తిప్పితే ఇబ్బందే. ముందు ఏ తీగ ఏ బిరడాకు పోతోందో వేలితో తడుముకుంటూ చూసుకోవాలి. ఒక తీగ మీటి ఇంకో బిరడా తిప్పడం కొత్తవారిలో చాలామంది చేసే పని. ముల్లు కదలకపోయేసరికి ఇంకా తిప్పుతారు, అవతలి తీగ తెగుతుంది. తిప్పేటప్పుడు తీగ మీటుతూనే ఉండాలి, పావుచుట్టు చొప్పునే తిప్పాలి.

ఇంకో నియమం. శ్రుతి ఎప్పుడూ కింది నుంచి పైకి చేరాలి. తీగ కాస్త ఎక్కువైతే దించుతూ దించుతూ సరైన చోట ఆపకూడదు. సరైన స్థానం కన్నా కిందికి దించి, మళ్లీ మెల్లగా బిగిస్తూ తేవాలి. లేకపోతే బిరడాలోని పళ్లలో మిగిలిన వదులు రెండు పాటలు వాయించేసరికి బయటపడి తీగ జారిపోతుంది.

చెవితో చేస్తే మరీ మంచిది

ఫోను లేకపోయినా శ్రుతి చేసుకోవచ్చు. నాలుగు తీగల్లో ఒక్కటి సరిగా ఉంటే చాలు, మిగిలిన మూడూ దాని నుంచే పుడతాయి. హార్మోనియం మీదో, శ్రుతిపెట్టె మీదో ఒకటి శ్రుతి షడ్జమం పలికించి మూడో తీగను దానికి కలపాలి. ఆ తరువాత:

మూడో తీగను నాలుగో మెట్టు దగ్గర నొక్కి మీటితే గాంధారం పలుకుతుంది. రెండో తీగను ఖాళీగా మీటి దానికి కలపాలి.

రెండో తీగను మూడో మెట్టు దగ్గర నొక్కితే పంచమం. నాలుగో తీగను దానికి కలపాలి.

అదే రెండో తీగను అయిదో మెట్టు దగ్గర నొక్కితే దైవతం. ఒకటో తీగను దానికి కలపాలి.

రెండు స్వరాలు దగ్గరికి వస్తున్నకొద్దీ 'వావ్... వావ్...' అని ఒక అల లేస్తుంది. కలిసేకొద్దీ ఆ అల నెమ్మదిస్తుంది. పూర్తిగా కలిసినప్పుడు అల ఆగి రెండు తీగలూ ఒక్కటే పలికినట్లుంటుంది. తంబూరా శ్రుతి చేసేవారు చెవి ఒగ్గి వెతికేది ఈ క్షణం కోసమే. పిల్లలకు మొదటి నెలలో పాట రాకపోయినా ఫరవాలేదు, ఈ అల ఆగడం వినబడితే చాలు. వారి చెవి తెరుచుకున్నట్లే.

ఫోను శ్రుతి సరిచేస్తుంది గాని చెవిని సరిచేయదు. అందుకని ముందు చెవితో కలిపి, తరువాత ఫోనుతో సరిచూసుకోవడం మంచి పద్ధతి. మొదట్లో తేడా వస్తుంది. వారాలు గడిచేకొద్దీ ఆ తేడా తగ్గుతుంటే పిల్లలకు కలిగే ధైర్యం ఇంతా అంతా కాదు.

ఎందుకు జారిపోతుంది?

'పొద్దున్నే శ్రుతి చేశాం, సాయంత్రానికి పోయింది. సరుకు మంచిది కాదు' అనుకుని వాపసు ఇచ్చేవారున్నారు. కొత్త నైలాన్ తీగ స్వభావమే అంత. అది సాగుతుంది. మొదటి వారం పదిరోజులు రోజుకు నాలుగైదు సార్లు సరిచేయాల్సిందే. తీగను మధ్యలో పట్టుకుని మెల్లగా పైకి లాగి వదిలి, మళ్లీ శ్రుతి చేస్తుంటే సాగడం త్వరగా అయిపోతుంది. సాగాల్సినంత సాగాక అదే నిలబడుతుంది. ఈ పదిరోజులే గండం. దీన్ని దాటినవారు నిలబడతారు, దాటనివారు మానేస్తారు.

సముద్రపు గాలి రెండో కారణం. విశాఖ గాలిలో చెమ్మ ఎక్కువ. చెమ్మకు కొయ్య ఉబ్బుతుంది, ఏసీ గదిలో బిగుసుకుంటుంది. ఉదయం వరండాలో, మధ్యాహ్నం ఏసీలో వాయిస్తే రెండుచోట్లా శ్రుతి ఒకలా ఉండదు. ఉప్పుగాలికి బిరడాల ఇనుప మరలు తుప్పు పడతాయి. వాయించాక పొడిగుడ్డతో తుడిచి సంచీలో పెట్టి జిప్పు వేస్తే చాలావరకు కాపాడుకోవచ్చు. ఎండలో నిలిపిన కారులో మాత్రం ఎప్పుడూ వదలకూడదు. వేడికి జిగురు కరిగి గుర్రం ఊడివస్తుంది.

బిరడా తిప్పుతుంటే 'టిక్కు' మని శబ్దం వచ్చి శ్రుతి ఒక్కసారిగా గెంతితే, తల దగ్గర తీగ కూర్చునే గాడిలో రాపిడి ఉన్నట్లు. తీగ వదులు చేసి ఆ గాడిలో మెత్తని పెన్సిలు ముక్కు రెండుసార్లు రాస్తే సర్దుకుంటుంది. తీగ తెగిందని గిటారు ఉక్కుతీగ కట్టే ప్రయత్నం చేయరాదు. ఆ బిగువు ఈ పల్చటి పొట్ట తట్టుకోలేదు.

కొనేటప్పుడు ఏం చూడాలి?

బొమ్మల దుకాణంలో వేలాడేవి బొమ్మలే. వాటికి ఎంత తిప్పినా శ్రుతి నిలవదు. చవకరకం అయినా వాయిద్యం అనదగినవి రెండు మూడు వేల రూపాయల్లో దొరుకుతున్నాయి. కొనేముందు మూడు పరీక్షలు చేయాలి.

మొదటిది, పన్నెండో మెట్టు పరీక్ష. ఆ మెట్టు తీగ నిడివికి సరిగ్గా సగంలో ఉంటుంది. ఖాళీ తీగ షడ్జమమైతే అక్కడ నొక్కితే తార షడ్జమం పలకాలి. తేడాగా పలికితే మెట్లు తప్పుగా కొట్టారని అర్థం. అలాంటి వాయిద్యాన్ని ఎవరూ బాగుచేయలేరు.

రెండోది, తీగల ఎత్తు. మొదటి మెట్టు దగ్గర తీగ మరీ ఎత్తుగా ఉంటే నొక్కడానికి బలం కావాలి. బలంగా నొక్కితే స్వరం పెరిగిపోతుంది.

మూడోది, బిరడాలు. రాపిడి మీద నిలిచే పాతరకం కన్నా పళ్లచక్రం ఉన్న రకం కొత్తవారికి మేలు.

తొలి పాఠం సరిగమలతోనే

ఉకులేలే నేర్పే పాఠాలు ఎక్కువగా ఇంగ్లీషు పాటలతో మొదలవుతాయి. తెలుగు పిల్లలకు అంతకన్నా దగ్గరి దారి ఉంది. సంగీతంలో తొలి మెట్టయిన మాయామాళవగౌళ ఈ వాయిద్యం మీద చక్కగా కూర్చుంటుంది. సున్నా అంటే ఖాళీ తీగ.

స - మూడో తీగ, సున్నా
రి - మూడో తీగ, ఒకటో మెట్టు
గ - రెండో తీగ, సున్నా
మ - రెండో తీగ, ఒకటో మెట్టు
ప - రెండో తీగ, మూడో మెట్టు
ద - రెండో తీగ, నాలుగో మెట్టు
ని - ఒకటో తీగ, రెండో మెట్టు
స - ఒకటో తీగ, మూడో మెట్టు

రిషభాన్ని రెండో మెట్టుకు, దైవతాన్ని ఒకటో తీగ ఖాళీకి మారిస్తే శంకరాభరణం. అందులోంచి మధ్యమం, నిషాదం తీసేస్తే మోహన. మోహనలోని అయిదు స్వరాల్లో మూడు ఖాళీ తీగలే కావడం విశేషం. అంటే మొదటి వారంలోనే పిల్లలు ఒక రాగాన్ని వినిపించగలరు.

వేలు మెట్టు మీద కాకుండా మెట్టుకు కాస్త వెనుక పడాలి. ఎడమచేతి గోళ్లు కత్తిరించుకోవాలి. బొటనవేలు దండి వెనుక ఆనించాలి. రోజుకు గంటసేపు కూర్చోబెట్టడం కన్నా ఉదయం పావుగంట, సాయంత్రం పావుగంట అలవాటు చేస్తే వేళ్లు నొప్పి పెట్టవు, విసుగూ రాదు.

నాలుగు పట్లతో పాటకు తోడు

పాడేవారికి తోడుగా తీగలన్నీ ఒకేసారి మీటడం ఈ వాయిద్యం అసలు పని. దానికి వేళ్లు పెట్టే తీరును కార్డు అంటారు. మొదట నాలుగు చాలు.

సీ: ఒకటో తీగ మూడో మెట్టు మీద ఉంగరం వేలు.
ఏ మైనర్: నాలుగో తీగ రెండో మెట్టు మీద నడిమి వేలు.
ఎఫ్: ఏ మైనర్ పట్టును అలాగే ఉంచి రెండో తీగ ఒకటో మెట్టు మీద చూపుడు వేలు.
జీ సెవెన్: రెండో తీగ ఒకటో మెట్టు మీద చూపుడు వేలు, మూడో తీగ రెండో మెట్టు మీద నడిమి వేలు, ఒకటో తీగ రెండో మెట్టు మీద ఉంగరం వేలు.

ఒక్కో కార్డుకు నాలుగు దెబ్బల చొప్పున ఈ వరుసలో వాయిస్తే పదహారు దెబ్బలు, అంటే ఆదితాళం రెండు ఆవర్తాలు. తొడ మీద తాళం వేయడం వచ్చిన పిల్లలకు లయ వేరే నేర్పనక్కరలేదు. ఒక కార్డు నుంచి ఇంకో కార్డుకు మారేటప్పుడు కుడిచేయి ఆగకూడదు. వేళ్లు తప్పు చోట పడినా ఫరవాలేదు, తాళం తప్పకూడదు.

పరాయి వాయిద్యం మనది కాదా?

'వీణ ఉన్న గడ్డ మీద ఈ హవాయి వాయిద్యం ఎందుకు?' అని పెద్దలు అడగవచ్చు. అడగదగిన ప్రశ్నే. జవాబు ఈ ప్రాంతం చరిత్రలోనే ఉంది.

వయొలిన్ మనది కాదు. పాశ్చాత్యుల వెంట వచ్చింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని కర్ణాటక సంగీతానికి తెచ్చినవారిలో ఆద్యుడంటారు. ఆ వయొలిన్‌తో ఉత్తరాంధ్రకు దేశమంతటా పేరు తెచ్చినవారు ద్వారం వెంకటస్వామినాయుడు. 1893లో జన్మించిన ఆయన విశాఖపట్నంలో పెరిగారు. 1919లో విజయనగరంలో మహారాజా వారి సంగీత కళాశాల ఆదిభట్ల నారాయణదాసు అధ్యక్షతన ప్రారంభమైనప్పుడు ఇరవయ్యారేళ్లకే అక్కడ వయొలిన్ ఆచార్యులయ్యారు. 1936లో ఆ కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. 1941లో సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. చూపు సరిగా లేని ఆయనకు చెవే కన్ను. వయొలిన్‌కు మెట్లు కూడా ఉండవు. ఎక్కడ వేలు పెట్టాలో చెప్పేది చెవి ఒక్కటే.

మాండలిన్ కథా అంతే. పాలకొల్లులో 1969లో పుట్టిన శ్రీనివాస్, తండ్రి సత్యనారాయణ ఇంట్లో ఉంచిన మాండలిన్‌ను పిల్లవాడిగా ఉండగానే పట్టాడు. రుద్రరాజు సుబ్బరాజు స్వరం పాడి వినిపిస్తుంటే దానిని వాయిద్యం మీద పలికించాడు. మాండలిన్‌కు ఉండే నాలుగు జతల తీగలు గమకానికి అడ్డు వస్తాయని జతలు తీసేసి అయిదు ఒంటి తీగలు కట్టుకుని, విద్యుత్ మాండలిన్ మీద రాగం పలికించాడు. 'ఈ వాయిద్యం మీద కర్ణాటక సంగీతమా?' అన్నవారే తరువాత ముందు వరుసలో కూర్చుని విన్నారు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014లో నలభై అయిదేళ్లకే ఆయన కన్నుమూయడం సంగీతలోకానికి తీరని లోటు.

ఇద్దరూ చేసింది ఒక్కటే. వాయిద్యం ఎక్కడిదని చూడలేదు. శ్రుతి కుదుర్చుకుని, తమ సంగీతానికి అనువుగా దాన్ని మార్చుకున్నారు.

హద్దులూ తెలియాలి

ఉకులేలే మీద అన్నీ సాధ్యమని చెప్పడం కూడా తప్పే. దాని తీగ నిడివి తక్కువ, నాదం త్వరగా ఆగిపోతుంది. వీణ మీద తీగను లాగి ఒక మెట్టు దగ్గరే నాలుగు స్వరాలు పలికించినట్లు దీని మీద సాధ్యం కాదు. చిన్నపాటి కదలికలే పలుకుతాయి. మెట్లు సమభాగాలుగా కొట్టి ఉండటం వల్ల తంబూరాలో తనంత తాను పలికే గాంధారం కన్నా దీని గాంధారం వెంట్రుకవాసి ఎక్కువగా ఉంటుంది. చెవి పదునెక్కినవారికి ఆ తేడా తెలుస్తుంది. అది తెలిసిన రోజున పిల్లవాడు పెద్ద వాయిద్యానికి సిద్ధమైనట్లే.

ఆ పెద్ద వాయిద్యం దూరాన లేదు. విజయనగరం జిల్లా బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి ఏకాండి వీణ చేసే సర్వసిద్ధి వంశం వారున్నారు. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. కానీ ఇప్పుడు వారి చేతుల్లోంచి వెళ్లే వాటిలో బహుమతిగా ఇచ్చే బుల్లి వీణలకే గిరాకీ ఎక్కువ. అద్దాల బీరువాలో పెట్టుకునేందుకు కొనేవారే గాని, ఒళ్లో పెట్టుకుని వాయించేవారు తగ్గిపోయారు. పనస దుంగ దొరకడం ఎంత కష్టమో, వాయించే చేయి దొరకడం అంతకన్నా కష్టంగా ఉంది. నాలుగు తీగలతో చెవి కుదిరిన పిల్లల్లో నూటికి ఒక్కరు వీణ వైపు నడిచినా, ఒక దుంగకు పని దొరుకుతుంది. అందుకని ఉకులేలే వీణకు పోటీ అనుకోనక్కరలేదు. గుమ్మం అనుకోవచ్చు.

పెద్దలు చేయాల్సింది

సెల్‌ఫోను పాఠాలతో మొదలుపెట్టవచ్చు. కానీ మూడు నెలలకైనా ఒకసారి తెలిసినవారి ముందు కూర్చోబెట్టాలి. చేయి పట్టే తీరులో తప్పుంటే ఫోను చెప్పదు, గురువు చెబుతారు. పిఠాపురం కాలనీలోని కళాభారతిలో కచేరీ ఉన్న రోజున అరగంట ముందు తీసుకెళ్లి కూర్చోబెట్టినా మంచిదే. పాట మొదలయ్యే ముందు విద్వాంసులు తంబూరా, వయొలిన్, చివరికి మృదంగం కూడా ఎంత ఓపికగా శ్రుతి చేసుకుంటారో పిల్లలు కళ్లారా చూడాలి. ఇన్నేళ్లు సాధన చేసినవారే రోజూ సరిచేసుకుంటుంటే తమ తీగ జారడం తప్పు కాదని వారికి తెలుస్తుంది.

శ్రుతి తల్లి, లయ తండ్రి అన్నారు. తల్లిని వెతుక్కోకుండానే పిల్లవాడికి 'సంగీతం రాదు' అని తీర్పు చెప్పడం తగదు. ఇంట్లో బీరువా మీద దుమ్ము కొట్టుకుపోయిన ఉకులేలే ఉంటే ముందు దాన్ని దించాలి. తుడిచి, 'ప స గ ద' అని నాలుగు తీగలూ కలపాలి. పది రోజులు రోజూ అదే పని చేయించాలి. పిల్లవాడికి సంగీతం వస్తుందో రాదో ఆ తరువాత మాట్లాడుకోవచ్చు.